పియానో బ్రిడ్జిలో పిన్ను రంధ్రం గురి తప్పకుండా వేయడం ఎలా?

ఒక స్వరానికి ఉన్న మూడు తీగల్లో రెండింటిని రబ్బరు ముక్కలతో ఆపి, మూడో తీగను మాత్రమే మోగించండి. ఒంటరి తీగ నాదం నిలకడగా సాగి సన్నగిల్లాలి. అలా కాకుండా అలలు అలలుగా పెరుగుతూ తరుగుతూ ఊగుతుంటే, బడిలో విస్పందనాలు అని చదువుకున్నది ఒకే తీగలో వినిపిస్తున్నట్టు లెక్క. శ్రుతి మేకును ఎంత తిప్పినా ఈ ఊగు పోదు. ఇప్పుడు స్క్రూడ్రైవరు మొనతో ఆ తీగను ఆనుకున్న బ్రిడ్జి పిన్నును పక్క నుంచి గట్టిగా నొక్కి పట్టుకుని, మళ్ళీ మోగించండి. ఊగు ఆగిపోయిందా? అయితే పిన్ను తన రంధ్రంలో వదులైంది.

విజయనగరం, బొబ్బిలి చుట్టుపక్కల వాద్యాల పని తెలిసినవారికి గుర్రం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. వీణ కుండ మీద నిలబడి తీగల కదలికను చెక్కకు అందించేది అదే. పియానోలో ఆ పని చేసేది బ్రిడ్జి. తీగల కదలికను నాదంగా పెంచే పల్చటి చెక్క పలకకు, అంటే నాదఫలకానికి, అతికించిన పొడవాటి గట్టి చెక్క అది, సాధారణంగా మేపుల్ గానీ బీచ్ గానీ. తేడా ఒక్కటే. వీణ గుర్రం మీద తీగ ఊరికే ఆని ఉంటుంది. పియానో బ్రిడ్జి మీద ప్రతి తీగా రెండు పిన్నుల మధ్య వంకర తిరిగి పోతుంది. ముందు పిన్ను దాన్ని ఒక పక్కకు తోస్తే వెనక పిన్ను మళ్ళీ దారికి తెస్తుంది. ఆ పిన్నులు నిటారుగా కాకుండా, సుమారు 20 డిగ్రీలు తీగ మీదికి వాలి ఉంటాయి. అందుకే తీగ పైకి జారిపోకుండా చెక్కకు అదిమి ఉంటుంది. పియానోలో 220కి పైగా తీగలు, ఒక్కో తీగ బిగువు 70 కిలోల పైచిలుకు. తీగలో మోగే భాగం ఎక్కడ ముగుస్తుందో తేల్చేది ముందు వరుస పిన్నే. కాబట్టి మీరు వేసే రంధ్రం ఆ తీగకు పొలిమేర రాయి వంటిది. అది కాస్త కదిలితే తీగ పొడవే మారిపోతుంది.

చెక్కపని చేతికి వచ్చి, పియానో లోపలికి ఇంకా దిగని వారికోసం ఇది రాస్తున్నాను. మా విజయనగరంలో అలాంటివారు చాలామంది ఉన్నారు. 1919లో సంగీత కళాశాల వెలసిన ఊరు కాబట్టి వీణ, వయొలిన్, హార్మోనియం బాగుచేసే చేతులకు కొదవ లేదు. పియానోలు కొన్నే. ఉన్నవాటిలో చాలా పాతవి, సముద్రపు గాలి తిని పిన్నులు వదులైనవి.

అసలు రంధ్రం వేయాలా?

చాలాసార్లు వేయనక్కర్లేదు. చెక్క చీలకుండా పిన్ను మాత్రం కొద్దిగా కదులుతుంటే, పల్చటి సూపర్ గ్లూ ఒకటి రెండు చుక్కలు పిన్ను మొదట్లో వదిలితే అదే లోపలికి పాకి బిగుస్తుంది. తీగ మీద పడకుండా చూసుకోండి. వెంట్రుకవాసి చీలిక ఉంటే పిన్నులు తీసి, రంధ్రాలనూ చీలికనూ ఎపాక్సీతో నింపి, అది తడిగా ఉండగానే పిన్నులను వాటి చోట్లకు దించితే సరిపోతుంది. కొందరు తేలిక కదా అని ఒక సైజు లావు పిన్ను కొడతారు. నాకు అది నచ్చదు. పిన్ను లావైతే తీగ పక్కకు జరుగుతుంది, పక్క రంధ్రానికి ఉన్న గోడ పల్చబడుతుంది, అప్పటికే చీలడానికి సిద్ధంగా ఉన్న చెక్కలో మేకు దిగగొట్టినట్టవుతుంది.

రంధ్రం కోలగా సాగిపోయి ఉన్నప్పుడు, చీలిక ఒక రంధ్రం నుంచి మరొకదానికి తపాలా బిళ్ళల చిల్లుల వరుసలా పాకినప్పుడు మాత్రమే పాతది పూడ్చి కొత్తది వేయాలి. చీలిక జానెడు పొడవు దాటితే బ్రిడ్జి పైపొరనే తీసి కొత్తది అతికించాలి. అక్కడ కూడా రంధ్రాలు వేసే పద్ధతి ఇదే.

కాలం కూడా చూసుకోవాలి. నేను ఈ పనిని సంక్రాంతి దాటాక మొదలుపెట్టి మార్చి చివరిలోగా ముగిస్తాను. వానాకాలంలో చెక్క నీటి ఆవిరి పీల్చి ఉబ్బి ఉంటుంది. అప్పుడు సరిపోయిన రంధ్రం మాఘంలో వదులవుతుంది. దసరా తరువాత వచ్చే సిరిమానోత్సవం నాటికి వానలు తగ్గినట్టు కనిపించినా తొందరపడకండి. అక్టోబరు మనకు తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఉత్తరాంధ్ర తీరాన్ని ఆ నెలలోనే తాకాయి.

పిన్ను పీకే ముందు

పాత పిన్నులు ఉన్నచోటు మీకు దొరికే ఏకైక పటం. దాన్ని చెరిపేసుకోకండి. బ్రిడ్జి మీద ట్రేసింగ్ కాగితం పరిచి, కదలకుండా రెండు చివరలా అతికించి, పిన్ను తలల మీద పెన్సిలు మెత్తగా రుద్దండి. అయితే ఆ కాగితం మీద పడేది పిన్ను తల ఉన్న చోటు. పిన్ను వాలి ఉంటుంది కాబట్టి అది చెక్కలోకి దిగే చోటు కొంచెం పక్కన ఉంటుంది. పిన్ను 5 మి.మీ. పైకి కనిపిస్తుంటే, 20 డిగ్రీల వాలుకు ఆ తేడా దాదాపు 1.8 మి.మీ. ఈ లెక్క మరిచిపోతే వరుస మొత్తం పక్కకు జరిగిపోతుంది. అందుకే పిన్నులు తీశాక అదే కాగితం అదే గుర్తుల మీద మళ్ళీ పరిచి, రంధ్రాల నోళ్ళను కూడా రుద్దుకోండి. మొదటిది వాలు ఎటో చెబుతుంది, రెండోది చోటు చెబుతుంది. ఫోనుతో పై నుంచీ పక్క నుంచీ ఫొటోలు తీసుకుంటే ఇంకా మంచిది.

నిలువు పియానో అయితే దాన్ని వెనక్కి పడుకోబెట్టాలి. రెండు వందల కిలోలకు పైగా బరువు. నలుగురు లేనిదే ఆ పనికి పూనుకోకండి. తీగలు ఒక్కసారిగా వదలకూడదు. మొత్తం తీగల లాగుడు పదిహేను ఇరవై టన్నుల దాకా ఇనుప చట్రం మీద ఉంటుంది. పని చేయబోయే భాగంలో తీగలను రెండు మూడు విడతల్లో, కొంచెం కొంచెంగా వదులు చేసి, కొక్కెం నుంచి తప్పించి పక్కకు కట్టేయండి. పిన్నును పట్టకారుతో పట్టి, అది వాలిన దిక్కునే లాగండి. నిట్టనిలువునా లాగితే రంధ్రం నోరు చితికిపోతుంది.

పూడ్చడం

పాత రంధ్రం పక్కనే కొత్తది వేద్దామని చూస్తే బిట్టు తిన్నగా వెళ్ళి పాతదాంట్లోనే పడుతుంది. బిట్టుకు మెత్తని దారే ఇష్టం. కాబట్టి పూడిక కూడా బ్రిడ్జి అంత గట్టిగా ఉండాలి. మా దగ్గర చేతికి అందేది పనస. ఒకే మొద్దు నుంచి తొలిచిన బొబ్బిలి వీణకు అంతకు మించిన చెక్క లేదు. కానీ ఈ పనికి పనస మెత్తన, టేకు కూడా అంతే. పియానో పాత చెక్క ముక్క గానీ, ఫర్నిచరు పనివారి దగ్గర దొరికే దిగుమతి బీచ్ గానీ సంపాదించండి.

పూడికకు గుండ్రటి కర్ర తెచ్చి దించేస్తే దాని కొననారే పైకి కనిపిస్తుంది. ఆ కొననారులో గట్టి వలయం, మెత్తని వలయం పక్కపక్కనే ఉంటాయి కాబట్టి బిట్టు ఒకదాని మీద జారి ఇంకోదాంట్లోకి పోతుంది. పూడిక నారు కూడా బ్రిడ్జి నారు వైపే పరుచుకుని ఉండేలా, పలక నుంచి అడ్డంగా కోసిన బిళ్ళ వాడాలి.

నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. పూడిక రంధ్రాన్ని కూడా పిన్ను వాలులోనే వేయాలి. 6 మి.మీ. పూడికను నిలువుగా దించారనుకోండి. దాని మధ్య నుంచి 20 డిగ్రీల వాలుతో బయలుదేరిన బిట్టు ఎనిమిది మి.మీ. లోతు చేరకముందే పూడిక గోడను తాకుతుంది. అక్కడ జిగురు పొర ఉంటుంది. బిట్టు ఆ పొర వెంట పక్కకు తిరుగుతుంది. పైన చూస్తే రంధ్రం చక్కగా ఉంటుంది, లోపల వంగిపోయి ఉంటుంది. పిన్ను దిగదు, బలవంతంగా దించితే చీలుతుంది. పూడిక కూడా వాలితే పిన్ను మొదటి నుంచి చివరి దాకా దాని కడుపులోనే ఉంటుంది.

ఎపాక్సీ ఒక రోజు పూర్తిగా గట్టిపడనివ్వండి. ఎత్తు మిగిలిన పూడికను పదునైన ఉలితో బ్రిడ్జికి సమం చేయండి. ఇసుక కాగితంతో చుట్టూ రుద్దకండి. బ్రిడ్జి ఎత్తు కాస్త తగ్గినా తీగ దానిమీద అదమడం తగ్గుతుంది, నాదం పల్చబడుతుంది.

గుర్తు పెట్టడం

నా లెక్కలో ఈ పనికి కేటాయించే సమయంలో సగం ఇక్కడే పోవాలి.

పెన్సిలు గీత అర మిల్లీమీటరు లావుంటుంది. దానితో గీస్తే గీతకు ఏ అంచున రంధ్రం వేయాలన్న సందేహం మిగులుతుంది. అందుకే పదునైన కత్తి మొనతో గీయండి. బ్రిడ్జి వంపుగా ఉంటుంది కాబట్టి గట్టి కొలబద్ద పనికిరాదు. వంగే పల్చటి ఉక్కు పట్టీ తీసుకుని, చెడని రంధ్రాల మధ్యబిందువులను కలుపుతూ వంచి, దాని వెంట ఒకే ఊపులో గీత లాగండి. తరువాత తీగ దారిని అడ్డుగీతగా గీయండి. రెండూ కలిసిన చోటే రంధ్రం. కత్తిగీతలు కలిసిన చోట సూది మొన దానంతట అదే కూర్చుంటుంది, చేతికి తెలుస్తుంది.

గుర్తు పొడవడానికి దబ్బనం వంటి మొన కావాలి. గుండ్రంగా సానపట్టిన మొనైతే నారును సమానంగా తోస్తుంది, పలకల మొన నారును ఒక పక్కకు చీలుస్తుంది. మొదట కొద్దిగా గుచ్చి, భూతద్దంతో చూడండి. వెంట్రుకవాసి తప్పినా ఇప్పుడైతే దబ్బనాన్ని వాల్చి తోసి సరిదిద్దవచ్చు. సరిగ్గా ఉందనిపించాక, పిన్ను వాలే దిక్కుకు దబ్బనాన్ని వాల్చి లోతుగా పొడవండి. నిలువు గుంటలోకి వాలు బిట్టు దిగితే బిట్టు ఒక అంచే ముందు చెక్కను కొరుకుతుంది, రంధ్రం ఆ పక్కకు జరిగిపోతుంది.

తారస్థాయి స్వరాల దగ్గర మరీ జాగ్రత్త. మంద్రంలో తీగ ఒక మీటరు పైచిలుకు ఉంటుంది, అర మిల్లీమీటరు అక్కడ లెక్కలోకి రాదు. చిట్టచివరి పై స్వరంలో మోగే భాగం 50 మి.మీ. చుట్టుపక్కలే. అక్కడ అర మిల్లీమీటరు అంటే పొడవులో నూటికి ఒక వంతు. ఒకే స్వరపు మూడు తీగల పొడవులు ఇలా వేరైతే, శ్రుతి కలపడానికి వాటి బిగువులు వేరు చేయక తప్పదు. ఆ రోజుకు కలిసినట్టే ఉంటాయి. ముసురు పట్టగానే మూడూ మూడు దారుల పోతాయి.

ఇది నాకు అనుభవంలో తెలిసింది. నేను మొదట చేతబట్టిన పియానో ఒక ప్రార్థన మందిరంలోని పాత నిలువు వాద్యం. పై స్వరాల్లో తొమ్మిది రంధ్రాలు వేయాల్సి వచ్చింది. వీణకు బిరడా రంధ్రాలు వేసిన చేయి కదా అని కంటి కొలతతోనే డ్రిల్లు పట్టాను. బిరడా సన్నగా మొదలై లావయ్యే కర్ర. రంధ్రాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, బిరడా పెట్టి తిప్పి చూస్తూ సరిచేసుకునే వీలుంటుంది. పిన్ను రంధ్రానికి ఆ రెండో అవకాశం లేదు. తొమ్మిదిలో నాలుగు గీత దాటాయి. వారికి విషయం చెప్పి, నా ఖర్చుతో పూడ్చి మళ్ళీ వేశాను. బిట్టును సరైన వాలులో నడిపే వాలు దిమ్మ చేసుకున్నది ఆ తరువాతే.

వాలు దిమ్మ

12 మి.మీ. మందం ఉన్న ఇత్తడి ముక్క తీసుకోండి, అగ్గిపెట్టెలో సగమంత ఉంటే చాలు. లేత్ పని చేసేవారి దగ్గర నిలువు డ్రిల్లు యంత్రం ఉంటుంది. బల్లను 20 డిగ్రీలకు వంచి, మీరు బ్రిడ్జికి వాడబోయే బిట్టుతోనే దిమ్మ పై నుంచి అడుగు దాకా ఒక రంధ్రం వేయించండి. ముందుగా మీ పియానోలో చెడని పిన్ను వాలును కోణమానినితో కొలవండి. 18 ఉంటే 18కే చేయించండి. ముందు వరుస ఒక పక్కకు, వెనక వరుస ఎదురు పక్కకు వాలుతాయి. దిమ్మను అటు తిప్పి వాడితే రెండో వాలు వస్తుంది, కానీ ఇరుకు చోట్లలో పట్టదు. రెండు దిమ్మలు చేయించుకుని, వాటి మీద బాణం గుర్తు చెక్కించుకోవడం మేలు. దిమ్మ అడుగున సన్నని ఇసుక కాగితం అతికించండి, జారదు.

దిమ్మ అడుగున రంధ్రం ఎక్కడ తెరుచుకుంటుందో పై నుంచి కనిపించదు. అందుకు ఒక ఉపాయం ఉంది. బిట్టును దిమ్మలోకి దూర్చి, మొన ఒక మిల్లీమీటరు కిందికి పొడుచుకొచ్చేలా పట్టుకోండి. మొనను గుంటలో కూర్చోబెట్టండి. తరువాత దిమ్మను మెల్లగా బిట్టు వెంట కిందికి జార్చి చెక్కకు అదమండి. గురి మొన చూసుకుంది, దిక్కు దిమ్మ చూసుకుంటుంది. మీ చేయి చేయాల్సింది అదిమి పట్టడం ఒక్కటే.

రంధ్రం వేయడం

పిన్ను లావును వెర్నియర్‌తో కొలవండి. సాధారణంగా 2 నుంచి 2.4 మి.మీ. మధ్య ఉంటుంది. బిట్టు అంతకన్నా 0.05 నుంచి 0.1 మి.మీ. సన్నగా ఉండాలి. 2.18 పిన్నుకు నేను 2.1 బిట్టు వాడతాను. బిట్టు మీద రాసిన అంకెను నమ్మకుండా దాన్నీ కొలవండి. అదే చెక్క తునకలో ఒక రంధ్రం వేసి పిన్ను కొట్టి చూడండి. చిన్న సుత్తి దెబ్బలకు ఒక్కో దెబ్బకు కొంచెం కొంచెంగా దిగాలి. వేలితో నొక్కితే దిగిపోతే వదులు, సుత్తి ఎగిరిపడుతుంటే బిగువు.

బిట్టు కొత్తదై ఉండాలి, పొట్టిగా బయటికి ఉండాలి. డ్రిల్లు మూతిలోకి వీలైనంత లోపలికి తోసి, దిమ్మ మందం, రంధ్రం లోతు కలిపి ఎంతో అంతే బయట వదలండి. ఎలక్ట్రానిక్ బోర్డులకు వాడే కార్బైడు బిట్లు తిన్నగా పోతాయి, కానీ చేయి వణికితే పుటుక్కున విరుగుతాయి. విరిగిన మొన చెక్కలో దిగబడితే తీయడం నరకం. ఇనుప చట్రం అడ్డొచ్చి డ్రిల్లు పట్టని చోట, నగల పనివారు వాడే వేలాడే మోటారు, దాని పొడవాటి వంగే గొట్టం చక్కగా పనికొస్తాయి.

లోతు ఎంతో పిన్నే చెబుతుంది. పిన్ను అడుగుకు ఆనినప్పుడు దాని తల పక్క పిన్నుల ఎత్తుకు రావాలి. ఆ లెక్కన బిట్టుకు ఒక చిన్న ఉంగరం గానీ రంగు టేపు గానీ గుర్తు పెట్టండి.

ఇక తిప్పండి. రెండు మి.మీ. దిగాక బయటికి తీసి పొట్టు ఊదేయండి, మళ్ళీ దించండి. ఆపకుండా దించితే పొట్టు గాడిలో ఇరుక్కుని వేడెక్కుతుంది. మాడిన వాసన వచ్చిందంటే రంధ్రం గోడ కాలింది. కాలిన గోడ నున్నగా గట్టిగా కనిపిస్తుంది కానీ పిన్నును పట్టి ఉంచదు. బయటికి తీసేటప్పుడు కూడా బిట్టు తిరుగుతూనే, అదే వాలులో రావాలి. పొట్టును గమనించండి. సన్నని చుట్టలుగా వస్తే బిట్టు కోస్తోంది, పొడిగా వస్తే రుద్దుతోంది.

వరుసలో ఒకటి వేసి వెంటనే దాని పక్కది వేయను. ఒకటి వదిలి ఒకటి వేస్తాను. మధ్యలో ఏదైనా రంధ్రం గీత తప్పినట్టు కనిపిస్తే మిగిలినవాటిలో పంచి సర్దుకునే వీలుంటుంది.

గాడి, పిన్ను, తీగ

రంధ్రాలయ్యాక బ్రిడ్జి పైభాగానికి మెత్తని పెన్సిలు గ్రాఫైట్ రుద్ది మెరుగు పెట్టండి, తీగ అంటుకోకుండా జారుతుంది. తరువాత గాడి, అంటే తీగ చెక్కను వదిలేలా పిన్నుల అవతల తీసే పల్లం, కోయాలి. పూడ్చినచోట గాడి అంచు రంధ్రాల మధ్యగీత మీదుగా సరిగ్గా వెళ్ళాలి. అంటే ఉలి ఒక్కో రంధ్రం నోటిని సగానికి కోస్తుంది. తీగ చెక్కను వదిలే చోటూ పిన్నును వదిలే చోటూ ఒకటే కావాలన్నది దీని ఉద్దేశం. చెక్క ముందుకు మిగిలితే తీగ దాని మీద చిటచిటలాడుతుంది. ఉలిని అద్దంలా నూరుకుని, పల్చని పొరలుగా తీయండి. ఇక్కడ తొందరపడితే అంతసేపూ పడిన శ్రమ ఒక్క తోపులో పోతుంది.

పిన్నులు కొట్టేటప్పుడు వాలు దిక్కునే కొట్టండి. చప్పుడు వినండి. దిగుతున్నంతసేపూ మెత్తగా ఉంటుంది, అడుగు తాకగానే గట్టిపడుతుంది. అక్కడ ఆపేయండి. ఇంకొక్క దెబ్బ వేస్తే చీలిక మళ్ళీ మొదలవుతుంది. తలలు ఎగుడుదిగుడుగా ఉంటే ఆకురాయితో సమం చేయవచ్చు.

తీగలను వాటి దారిలో పెట్టి, రెండు మూడు విడతల్లో బిగువు ఎక్కించండి. పూర్తి శ్రుతికి వచ్చాక, కొన చదునుగా ఉన్న ఇత్తడి పుల్లతో తీగను బ్రిడ్జి మీద, పిన్నుకు ఆనుకుని, మెత్తగా అదమండి. సుత్తి వాడకండి, తీగ చెక్కను కోసుకుంటుంది. మళ్ళీ రెండు తీగలు ఆపి ఒక్క తీగ మోగించి వినండి. ఊగు లేకపోతే పక్క తీగకు వెళ్ళండి.

వారం పోయాక ఒకసారి, వానాకాలం మొదలైన నెలకు ఇంకోసారి ఆ స్వరాలను వినాలి. పియానో ఉన్న ఇంటివారికి ఆ రెండు తేదీలూ ముందే చెప్పి, క్యాలెండరులో గుర్తు పెట్టించి రండి.